ఇందూరు గడ్డ మీద రాతి సాక్ష్యాలు

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఈ జిల్లాలోని చారిత్రక కట్టడాల గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా బోధన్ పట్టణంలోని దేవల్ మసీదు. దీని పునాది నక్షత్రాకారంలో ఉంటుంది. ఒకప్పటి ఆలయాన్ని మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మసీదుగా మార్చారు. లోపలి స్తంభాలను దగ్గరగా చూస్తే, కూర్చున్న జైన తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి.

డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయం గోడల నిండా శిల్పాలే. అందుకే దాన్ని ఇందూరు ఖజురహో అంటారు. ఇక నిజామాబాద్ ఖిల్లా నిజాం కాలంలో జైలుగా మారింది. అక్కడ బందీగా ఉన్న కవి దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు.

పాత కట్టడాల రక్షణకు మన రాష్ట్రంలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించిన దాన్ని కూల్చినా, చెక్కినా, పాడుచేసినా నేరమే.

అయితే వారసత్వమంటే గుళ్లూ కోటలూ మాత్రమే కాదు. 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం బోధన్ ప్రాంతపు బతుకునే మార్చింది. కార్మికుల కోసం శక్కర్‌నగర్ వెలిసింది, ఊరూరా చెరకు తోటలు పెరిగాయి. ఆ చరిత్రనూ పదిలపరచాలి.

మీ ఊళ్లో శాసనమో, పాత విగ్రహమో కనిపిస్తే సున్నం పూయకండి, కదిలించకండి. ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. పిల్లలకు చూపించి, దాని కథ చెప్పండి.