లోపలి టేబుళ్లను నమ్ముకోకండి

ఇవాళ పట్టాలు అందుకున్న మీకు ఒక్క మాట చెప్పాలి.

నా ఉద్యోగమంతా డేటాబేస్‌లతోనే గడిచింది. ఒక ఆఫీసులో చూసిన సంగతి చెబుతాను. అక్కడ రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్ 5.7 బ్యాకప్ తీసే స్క్రిప్టు ఉండేది. జీతాల లెక్కలన్నీ స్టోర్డ్ ప్రొసీజర్లలో, అంటే డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాముల్లో ఉండేవి. సర్వర్ వాటిని తన సొంత అవసరానికి 'ప్రాక్' అనే సిస్టమ్ టేబుల్లో దాచుకునేది. డేటాబేస్‌లన్నీ డంప్ చేస్తే ఆ టేబుల్‌తో పాటు ప్రొసీజర్లూ వచ్చేసేవి. విడిగా అడగాలని ఎవరికీ తోచలేదు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో ఆ టేబుల్ తీసేశారు. ఆఫీసు కొత్త వెర్షన్‌కు మారింది. స్క్రిప్టు ఏ ఎర్రరూ చూపకుండా రోజూ ముగిసేది. డిస్కు పాడైన రోజు బ్యాకప్ ఎక్కిస్తే డేటా అంతా ఉంది, ఒక్క ప్రొసీజరూ లేదు! ప్రొసీజర్లు కూడా రావాలంటే 'రొటీన్స్' ఆప్షన్ ఇవ్వాలని మాన్యువల్‌లో రాసే ఉంది. తెరిచి చూసినవాళ్లు లేరు.

నా బెంగ ఇలాంటి మార్పుల గురించే. ఊరి జిల్లా మారితే ముందే చెబుతారు. 2022 ఏప్రిల్ 4న అరకు విశాఖ జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. దానికి జనవరిలోనే ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు అడిగారు. కానీ సాఫ్ట్‌వేర్ లోపలి టేబుల్ మారితే మిమ్మల్ని ఎవరూ అడగరు. తయారుచేసినవాళ్లు మాట ఇచ్చింది డాక్యుమెంటేషన్‌లో ఉన్నదానికే. మిగతాది రేపు మాయం కావచ్చు. పేరు అలాగే ఉండి అర్థం మారిపోతే ఇంకా ప్రమాదం.

మీ సంగతి నాకు తెలుసు నాన్నా! ఎవరో రాసిన క్వెరీ దొరకగానే అతికించేస్తారు. నడిస్తే చాలు, ఎందుకు నడిచిందో అడగరు. ఆ బద్ధకం ఇవాళ్టితో మానండి! వివరాలు అడగడానికి డాక్యుమెంటేషన్‌లో చెప్పిన ఇన్ఫర్మేషన్ స్కీమా ఉండగా లోపలి టేబుల్ జోలి ఎందుకమ్మా? తప్పనిసరైతే అలాంటి క్వెరీలన్నీ ఒకేచోట పెట్టి, ఏ వెర్షన్‌లో పరీక్షించారో రాయండి. వెర్షన్ మార్చేముందు టెస్ట్ సర్వర్‌లో నడపండి. బ్యాకప్ తీసి ఊరుకోకుండా ఎక్కించి చూడండి.

రేపు అటవీ హక్కుల పట్టాలు, కాఫీ రైతుల చెల్లింపులు, హాస్టల్ పిల్లల స్కాలర్‌షిప్పులు చూసే డేటాబేస్‌లు మీ చేతికి రావచ్చు. అరకు దగ్గరి డుంబ్రిగూడ నుంచో అనంతగిరి నుంచో కూలి మానుకుని వచ్చిన తల్లికి "సిస్టమ్‌లో కనిపించడం లేదమ్మా" అని చెప్పే పరిస్థితి తేకండి. మన అశ్రద్ధకు ఆమె ఇంకో రోజు కూలి, ఇంకోసారి బస్సు ఛార్జీ పోగొట్టుకోకూడదు. మాన్యువల్ చదివే ఓపిక తెచ్చుకోండి.