కంట్రీ, హిప్‌హాప్ గాయకులు: పాట, పద్దు, హక్కు

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టింది; హిప్‌హాప్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. మొదటిది తెల్లవారి సొత్తనీ, రెండోది నల్లవారి సొత్తనీ పేరుపడ్డాయి. ఇలా విడదీసింది శ్రోతలు కాదు, వ్యాపారులు. 1920లలో రికార్డు కంపెనీలు నల్లజాతివారికి అమ్మే రికార్డులకు ‘రేస్’ అనీ, దక్షిణాది తెల్లవారికి అమ్మేవాటికి ‘హిల్‌బిల్లీ’ అనీ వేర్వేరు జాబితాలు వేశాయి. ఈ రెండు రంగాల్లో ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు చితికిపోయారు అని చూస్తే, గొంతు కన్నా రెండు సంగతులు ఎక్కువ పనిచేశాయి: పాట హక్కు ఎవరి పేరున ఉంది, దాన్ని ఏ అరలో పెట్టి అమ్మారు.

ఆ రెండు జాబితాలకూ పాటలు సేకరించినవాడు రాల్ఫ్ పీర్. విక్టర్ రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు అతను జీతం కోసం పట్టుబట్టలేదు; తాను రికార్డు చేయించే పాటల ప్రచురణ హక్కులు తీసుకున్నాడు. అంత దూరపు చూపు అప్పటి గాయకుల్లో చాలామందికి లేదు. 1927 ఆగస్టులో బ్రిస్టల్ పట్టణంలో అతను వేసిన రికార్డింగ్ మకాంలో కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ ఒకే వారంలో పాడారు. రోజర్స్ రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేసి, క్షయ సోకి, పాటకు మళ్లినవాడు. నల్లవారి బ్లూస్‌ను, గొంతును ఉన్నట్టుండి పైస్థాయికి విరిచే యోడలింగ్‌తో కలిపి పాడడం అతని ప్రత్యేకత. 1930లో అతని ‘బ్లూ యోడల్ నంబర్ 9’కు ట్రంపెట్ ఊదింది సాక్షాత్తూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, రికార్డు మీద మాత్రం ఆ పేరు వేయలేదు. స్టూడియోలో కలిసిన రెండు సంగీతాలను చీటీ మీద అలా విడదీశారు. 1933 మేలో రోజర్స్ న్యూయార్క్ స్టూడియోలో మంచం వేయించుకుని, పాటకూ పాటకూ నడుమ దాని మీద వాలుతూ చివరి పాటలు పూర్తిచేశాడు. రెండు రోజులకు, 35వ ఏట, కన్నుమూశాడు.

నాష్‌విల్ రేడియో కార్యక్రమం ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ తొలి తారల్లో ఒకడు డీఫోర్డ్ బెయిలీ. నల్లజాతి మౌతార్గాన్ విద్వాంసుడు. 1941లో రేడియో స్టేషన్లకూ, పాటల హక్కుల సంఘం ఆస్కాప్‌కూ తగాదా వచ్చి, అతనికి పేరు తెచ్చిన కొన్ని బాణీలు రేడియోలో వాయించే వీలు లేకపోయింది. ఆ ఏడే అతన్ని తీసేశారు. తర్వాత బెయిలీ బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుని బతికాడు. పావు శతాబ్దం గడిచాక ఛార్లీ ప్రైడ్ వచ్చాడు. బేస్‌బాల్ ఆడి, మోంటానాలో లోహాలు కరిగించే కర్మాగారంలో కూలి చేసినవాడు. ఆర్‌సీఏ కంపెనీ అతని తొలి రికార్డులను రేడియో స్టేషన్లకు ఫొటో లేకుండా పంపింది. శ్రోతలు ముందు గొంతును ఇష్టపడ్డారు, రంగు తర్వాత తెలిసింది. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అతనికి ఆ ఏటి మేటి కళాకారుడి పురస్కారం ఇచ్చింది.

హక్కుల విషయంలో కంట్రీ గాయకులు విల్లీ నెల్సన్, డాలీ పార్టన్ దారులు వేరు. నెల్సన్ పూట గడవని రోజుల్లో ‘నైట్ లైఫ్’ పాటను 150 డాలర్లకు అమ్మేశాడు. పార్టన్ రాసిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు, ప్రచురణ హక్కులో సగం ఇవ్వాలని అతని మేనేజర్ షరతు పెట్టాడు. ఎల్విస్ అంతటివాడు అడిగితే కాదనడం తేలిక కాదు. ఆమె కాదంది. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడినప్పుడు రచయితకు రావలసిన ఆదాయం పార్టన్ చేతికే వచ్చింది.

హిప్‌హాప్ మొదలైన రోజుగా 1973 ఆగస్టు 11ను చెబుతారు. ఆ రాత్రి బ్రాంక్స్‌లోని ఒక అపార్టుమెంటు భవనంలో, జమైకాలో పుట్టిన డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీలో రికార్డులు తిప్పాడు. అప్పట్లో అసలు తార డీజే; మైకు పట్టినవాడు అతని పక్కవాద్యం వంటివాడు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ ‘ర్యాపర్స్ డిలైట్’ రికార్డుతో ఆ వరస తలకిందులైంది. అందులో ఒకడు పాడిన చరణాలు ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్‌వి. అతని పేరు వేయలేదు. వేదిక మీద పుట్టిన మాటను రికార్డుకెక్కించే వేళకు కాగితం మీద రాయించుకోని తొలితరం కళాకారులకు ఇలాంటి నష్టం కొత్త కాదు.

1991 రెండు రంగాల్నీ ఒకేసారి కుదిపింది. అప్పటిదాకా బిల్‌బోర్డ్ పత్రిక దుకాణదారుల నోటిమాట మీద ఆల్బమ్‌ల పట్టిక తయారుచేసేది. ఆ మే నెల నుంచి దుకాణాల్లో బార్‌కోడ్‌లు చదివే సౌండ్‌స్కాన్ వ్యవస్థ ద్వారా అసలు అమ్మకాలు లెక్కపెట్టారు. జూన్‌లో ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఎ., సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ అగ్రస్థానానికి చేరారు. పెద్ద నగరాల పాప్ అభిరుచే దేశపు అభిరుచి అన్న భ్రమ పద్దు సరిచేసేసరికి పోయింది. ఆ డిసెంబరులోనే ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, అనుమతి లేకుండా పాత పాట ముక్క వాడుకోవడాన్ని దొంగతనంగా చూసింది. అలాంటి ముక్కల (శాంపిళ్ల) మీద నిలిచిన ర్యాప్ ఆల్బమ్‌లకు ఖర్చు పెరిగింది.

తర్వాతి తరం ఈ అనుభవాలన్నీ చూసి పాఠం నేర్చింది. ఏ కంపెనీ తీసుకోనందున ర్యాపర్ జే-జీ మిత్రులతో కలిసి రాక్-ఎ-ఫెల్లా అనే రికార్డు కంపెనీ స్థాపించి, 1996లో తొలి ఆల్బమ్ విడుదల చేశాడు. 2004 చివర డెఫ్ జామ్ రికార్డు కంపెనీ అధ్యక్ష పదవికి ఒప్పుకున్నప్పుడు, తన మాస్టర్ రికార్డింగులు ముందుముందు తనకే దక్కాలన్న షరతు రాయించుకున్నాడు.

అరల తగువు మాత్రం తెగలేదు. ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొన్న బాణీ మీద ‘ఓల్డ్ టౌన్ రోడ్’ కట్టాడు. 2019 మార్చిలో బిల్‌బోర్డ్ దాన్ని కంట్రీ పట్టిక నుంచి తొలగించింది. కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ కూడా గొంతు కలిపిన ఆ పాట ప్రధాన పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2024లో గాయకుడు షబూజీ ఒక ర్యాప్ పాటను కంట్రీకి మలిచి ఆ రికార్డును సమం చేశాడు. 2025 ఫిబ్రవరిలో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’కు ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ దక్కింది, నల్లజాతి కళాకారులకు ఆ విభాగంలో అదే మొదటిసారి. కొన్ని నెలలకే గ్రామీ నిర్వాహకులు ఆ విభాగాన్ని సంప్రదాయ కంట్రీ, సమకాలీన కంట్రీ అని రెండుగా చీల్చారు.