పెరటిలో పెద్దబాతులు



రామచంద్రపురం చుట్టుపట్ల వరికోతలైన తరువాత చేలలో దిగే బాతుల మందలు మీకు కొత్త కాదు. నేను చెప్పబోవునది పెద్దబాతును గురించి. బాతు నత్తలను, పురుగులను ఏరుకొని తినును. పెద్దబాతు పశువువలె గడ్డి మేయును. కొబ్బరితోటలో పచ్చిక ఉన్నచో దాణా ఖర్చు చాలా తగ్గును. నారుమడి దరికి మాత్రం రానీయకూడదు, లేతనారు కూడా దానికి గడ్డియే! మందు చల్లిన గట్లమీద మేపకూడదు.

గుడ్లకోసమైతే దీనిని పెంచవద్దు. ఏడాదికి పెట్టేవి కొద్ది పదులే, అవీ ఒక రుతువులోనే.

దీని పేరంతా కాపలాలోనే ఉన్నది. క్రీ.పూ. 390 ప్రాంతంలో శత్రువులు రాత్రివేళ రోము కొండకోట ఎక్కుచుండగా, కుక్కలు పసిగట్టలేదనీ, పెద్దబాతులే అరచి కావలివారిని లేపినవనీ లివీ అను చరిత్రకారుడు వ్రాసినాడు. మన వాకిట కూడా కొత్తమనిషి కనబడితే మెడచాచి బుసకొట్టును, పొడుచును. పసిపిల్లలున్న ఇంట జాగ్రత్త.

ఇవి ఉన్నచోటికి పాములు రావని కొందరందురు. ఆ మాట నమ్మి చీకటిలో వట్టికాళ్లతో తిరగకండి. అలికిడికి అరచునేగాని ఇది పామును వేటాడు పక్షి కాదు. పాము కరచినచో వెంటనే ఆసుపత్రికే పోవలెను.

ఒక మగదానికి రెండు మూడు ఆడవి చాలును. రాత్రి కుక్కలకు, నక్కలకు అందకుండా, వాకిలి కనబడేచోట గూటిలో మూయవలెను.