రంగుకు ముందు పేరు

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటరుతో రంగులు వేసి ఫ్లెక్సీల మీద, సెల్‌ఫోన్లలో చూపుతున్నారు. చూడగానే ఎప్పటి మనిషో మన వాకిట్లో నిలబడినట్టుంటుంది. ఈ శక్తిని కాదనలేం. 1967లో, మళ్లీ 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచిన దళిత నాయకురాలు జె. ఈశ్వరీబాయి 1991లో మరణించారు. ఆమెను చూడని మన పిల్లలకు ఆమె మన మనిషే అనిపించడానికి రంగు కొంత సాయపడుతుంది.

అయితే ఆ రంగు ఎక్కడిది? నలుపు తెలుపు ఫిల్ములో వెలుగు నీడలే పడతాయి. ఎర్ర చీర, ఆకుపచ్చ చీర ఒకే బూడిద రంగులో రావచ్చు. వెనకటి కొన్ని రకాల ఫిల్ములకు ఎరుపు అందేది కాదు. కుంకుమ బొట్టు నల్లగా పడేది, ఒంటి చాయ ముదురుగా వచ్చేది. కంప్యూటరు తనకు చూపిన వేరే రంగు ఫొటోలను బట్టి ఊహిస్తుంది, అంతే.

ఆడవాళ్ల విషయంలో ఈ ఊహ చిన్నది కాదు. చీర, బొట్టు, గాజులు చూసి లోకం కులాన్ని, వైధవ్యాన్ని, పేదరికాన్ని లెక్కగడుతుంది. ఎండలో నాట్లు వేసిన తల్లి ఒంటిని తెల్లబరిస్తే ఆమె శ్రమను తుడిచేసినట్టే. భర్త పోయినామెకు ఎర్రబొట్టు పెడితే ఆమె పడిన ఆంక్షలను దాచినట్టే.

మరో అన్యాయం ఉంది. మగ నాయకుల ఫొటో కింద పేర్లుంటాయి. పక్కన నిలబడిన మన వాళ్లు ఉత్త ‘మహిళలు’. ఎన్ని రంగులు వేసినా ఆ పేర్లు రావు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను స్త్రీశక్తి సంఘటన వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలనే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. గతానికి ప్రాణం పోసింది ఆ గొంతులే.

మనమూ ఆ పని చేద్దాం. బీడీలు చుట్టిన ముసలమ్మ ట్రంకుపెట్టెలోనో, సంఘం పాత ఫైల్లోనో ఫొటో దొరికితే ముందు నకలు తీయండి. ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం, ఎవరు చెప్పారు అన్నీ రాయండి. చీర ఏ రంగో గుర్తున్నవాళ్లను అడగండి. ఆమెనో, ఇంటివాళ్లనో అడిగి ఒప్పుకుంటేనే బయటపెట్టండి. రంగు వేస్తే ‘ఊహించిన రంగు’ అని కింద రాసి, అసలు ఫొటోను పక్కనే ఉంచండి.

గుర్తున్న పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు ఒక్క ఫొటో అయినా పేర్లతో సహా తీసుకురండి.