గీత వెనక నియమం

బెంగళూరులో మడివాళ, బీటీఎం లేఅవుట్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లలో ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ విద్యతోనే బొమ్మ కూడా గీయవచ్చు. ఈరోజు అలాంటి పెన్ ప్లాటర్ చిత్రాలను ఎలా చూడాలో మాట్లాడుకుందాం.

ప్లాటర్ అంటే కలం పట్టిన యంత్రం. మోటార్లు కలాన్ని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ నడుపుతాయి. ఇంకో చిన్న మోటారు దాన్ని కాగితం మీద ఆనిస్తుంది, ఎత్తుతుంది. ఈ యంత్రానికి తెలిసింది గీత ఒక్కటే. నీడ కావాలంటే గీతలు దగ్గరగా పడాలి, వెలుగు కావాలంటే ఎడంగా పడాలి.

ఇంజనీర్ల నక్షాలు గీసే ఈ యంత్రంతో గెయోర్గ్ నీస్, ఫ్రీడర్ నాకే అనే ఇద్దరు చిత్రాలు గీయించి, 1965లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ప్రదర్శించారు. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్‌తో పని మొదలుపెట్టారు. 1974 నాటి ఆమె చిత్రాల్లో ఒకదానిలో ఒకటి ఇమిడిన చదరాలుంటాయి. వాటి గీతలు అక్కడక్కడా పక్కకు ఒరుగుతాయి. క్రమం ఎక్కడ సడలిందో వెతుక్కుంటూ మన కన్ను కాగితమంతా తిరుగుతుంది.

ఇలాంటి చిత్రం ఎదురైతే ముందు కాస్త దూరంగా నిలబడి, దాని వెనకున్న నియమమేమిటో ఊహించండి. తర్వాత దగ్గరికి వెళ్లండి. కలం ఆనిన చోట సిరా ఊరి చిన్న చుక్క కట్టి ఉంటుంది. గీత మీద గీత పడిన చోట రంగు చిక్కబడుతుంది. సిరా అయిపోవస్తుంటే గీత పలచబడుతుంది. అందుకే ఒకే ప్రోగ్రాముతో రెండుసార్లు గీయించినా రెండు కాగితాలూ అచ్చు ఒకేలా ఉండవు. నియమం ఎంత కచ్చితమైనదైనా సిరా, కాగితం దాన్ని కొంత మార్చేస్తాయి. ఈ కళలో నన్ను కట్టిపడేసేది అదే.

చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసే మన ఆడవాళ్లు గీసేదీ నియమం ప్రకారమే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ సహపరిశోధకులతో కలిసి 1974లోనే ముగ్గుల నిర్మాణాన్ని గణిత వ్యాకరణంగా వివరించారు. అలాంటి ముగ్గు ఒకదాన్ని ప్రోగ్రాముగా రాసి, ఒక్క మెలిక తప్పించి చూడండి, కొత్త బొమ్మ పుడుతుంది.

ఇప్పుడు కొందరు పాత ప్లాటర్లను బాగుచేసుకుంటున్నారు, కొందరు యాక్సీడ్రా లాంటి చిన్న యంత్రాలు వాడుతున్నారు. కలం బదులు కుంచె బిగించి నీటిరంగులు వేయిస్తున్నవాళ్లూ ఉన్నారు. సొంతంగా తయారుచేసుకోవాలంటే మోటార్లు, సర్క్యూట్ బోర్డులు మన ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి.

యంత్రం లేకపోయినా ఫర్వాలేదు. ఒక చిన్న నియమం రాసుకుని, తు.చ. తప్పకుండా పాటిస్తూ మీ చేత్తో ఒక పేజీ గీయండి. తర్వాత ప్లాటర్ చిత్రం చూస్తే, ఆ నియమాన్ని ఎంచుకోవడం వెనక ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది.