ఖో-ఖో నియమముల మార్పులు – బడిపిల్లలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శ్రీనివాసపురంలో బడులు తెరిచేనాటికి మామిడికాయ ఇంకను మండీలకు వచ్చుచునే ఉండును. ఆ సందడి తగ్గి, వానకు ఎర్రమట్టి మైదానము మెత్తబడిన తరువాత ఖో-ఖో గీతలు పడును. ఆపై హోబళి, తాలూకు, జిల్లా పోటీలు ఒకదాని వెంట ఒకటి వచ్చును. సాధనకు దొరకు కాలము బహు స్వల్పము. ఆట నియమము మారినదన్న వార్త పిల్లలకు ఎప్పుడు అందుననునది అందుచేత చిన్న విషయము కాదు.

నియమములు మారుట కొత్త కాదు. ఊరికొక తీరున సాగిన ఈ ఆటకు 1914లో పుణే నగరమందలి దక్కన్ జింఖానా వారు ఒక నియమావళి ఏర్పరచిరి. తొలి జాతీయ పోటీలు 1959-60లో మన తెలుగు నగరమైన విజయవాడలోనే జరిగినవి. పెద్దల మైదానము 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కాగా, సబ్ జూనియర్లకు 23 మీటర్లు, 14 మీటర్లు. పెద్దలు 9 నిమిషములు తరిమిన, చిన్నవారికి 7 నిమిషములే. బిడ్డల ఊపిరి ఎంతవరకు నిలుచునో ఎరిగినవారు చేసిన నియమములివి. ఇట్టి మార్పును ఎవరు కాదందురు?

చిక్కు మరొకచోట ఉన్నది. 2022లో అల్టిమేట్ ఖో-ఖో అను లీగు పుణేలో మొదలైనది. తొమ్మండుగురికి బదులు ఏడుగురే తరుముదురు. వారిలో ఒకరు ‘వజీరు’. సంప్రదాయ ఆటలో తరుమువాడు ఒకసారి ఒక దిక్కు పట్టెనా, స్తంభము దాటువరకు వెనుకకు మరలరాదు, నడిమి గీతను దాటరాదు. తాను తిరుగలేనప్పుడు వెనుకనుండి తట్టి ‘ఖో’ అని తోటివానిని లేపవలెను. ఈ ఆటకు ప్రాణము ఆ కట్టుబాటే. వజీరు మాత్రము ఏ దిక్కుకైనను పరుగెత్తవచ్చును. చూచువారికి వేడుకే; ఆ తొలి ఫైనల్లో తెలుగు యోధాస్ 45-46తో ఒడిశా జగ్గర్‌నాట్స్ చేతిలో ఓడినప్పుడు ఎందరో నిట్టూర్చిరి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్పులోను ఏడుగురి పద్ధతియే పాటింపబడినది. భారత పురుషుల, మహిళల జట్లు రెండును నేపాల్‌ను ఓడించి గెలిచినవి.

టీవీలో వజీరును చూచిన పిల్లవాడు పాత పద్ధతి పోటీలో చటుక్కున వెనుకకు మరలును. ఈల మ్రోగును, ఫౌలగును, తాకిన వికెట్టు లెక్కకు రాదు. ఆ బిడ్డ చేసిన నేరమేమి? ఈ యేడు ఏ పద్ధతి అమలులో ఉన్నదో ఎవరును ముందుగా చెప్పకపోవుటయే నేరము. మరి బడి ఆటలో తొమ్మండుగురు ఏడుగురైనచో, ప్రతి బడిలోను ఇద్దరు పిల్లలు గీత వెలుపల నిలువవలసివచ్చును. లీగునకు అది లెక్క కాదు, బడికి లెక్కే.

ఇంకొకటి. నియమములు కన్నడములోనో ఇంగ్లీషులోనో వచ్చును. తెలుగు బడిలో వాటిని తెలుగున విడమరచువారు డ్రిల్లు మేష్టరే. (‘ఖో’ అను మాటకు మాత్రము ఏ భాషలోను అనువాదము అక్కరలేదు.) ఆయన చేతికి కాగితము సెప్టెంబరులో అందిన ప్రయోజనమేమి? బడి తెరిచిన వారములోనే ఆ యేటి నియమములు తెలుగున వ్రాసి నోటీసు బోర్డుకు అంటింపవలెను. నడుమ వచ్చిన మార్పులను మరుసటి జూనువరకు ఆపుమని తాలూకు క్రీడాధికారులను పాఠశాలలన్నియు కలిసి కోరవచ్చును; తల్లిదండ్రుల సంతకములుండిన ఆ కోరికకు బలము చేకూరును.

పూర్వ విద్యార్థులు ఖరీదైన మ్యాటు తేనక్కరలేదు. సున్నము, కొలత టేపు, మోకాళ్లకు కట్టుకొను ప్యాడ్లు, నునుపుగా చిత్రిక పట్టిన రెండు కొయ్య స్తంభములు. ఈ వానలకు ముందే అవి సమకూరిన చాలును.