వెలుతురుతో తిరిగే కిరణం

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, జీవిత పాఠాలు చెప్పే అర్హత నాకు లేదు. ఎలక్ట్రానిక్స్ సంగతొకటి చెబుతాను. మిగతా బ్రాంచీలవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1024 యాగీ యాంటెన్నాలు. ఒక్కటీ కదలదు, అయినా అవి పంపే రేడియో కిరణం ఆకాశంలో పక్కకు వాలుతుంది. అర తరంగదైర్ఘ్యం ఎడంతో ఉన్న యాంటెన్నాల మధ్య 90 డిగ్రీల దశాభేదం పెడితే కిరణం 30 డిగ్రీలు వాలుతుందని మీరు లెక్క కట్టే ఉంటారు. ఆ తేడా పెట్టేదే ఫేజ్ షిఫ్టర్.

గాదంకిలో యాంటెన్నాల మధ్య మనిషి నడవొచ్చు. 28 గిగాహెర్ట్జ్ 5జీ ప్యానెల్‌లో ఆ ఎడం సుమారు 5 మిల్లీమీటర్లే. ఫేజ్ షిఫ్టర్ల కంట్రోల్ తీగలూ ఆ ఇరుకులోనే దూరాలి. రాగి తీగ ఊరుకోదు, పక్కనున్న సిగ్నల్‌ను పట్టుకుని తనూ యాంటెన్నా అయి కూర్చుంటుంది. గాజు ఫైబర్‌తో ఆ బెడద లేదు. అందుకే ఫేజ్ షిఫ్టర్‌ను వెలుతురుతో నడపాలన్న ఆలోచన.

1980లోనే అమెరికాలో చీ లీ, ఆయన సహచరులు సిలికాన్ వేవ్‌గైడ్ మీద లేజర్ వేసి మిల్లీమీటరు తరంగాల దశను మార్చారు. శుద్ధమైన సిలికాన్ చీకట్లో దాదాపు బంధకం, వెలుతురు బాగా పడితే లోహంలా ప్రవర్తిస్తుంది. చిక్కంతా మధ్యలోనే. అరకొర వెలుతురులో అది తరంగాన్ని దాటనివ్వదు, తిప్పికొట్టదు, వేడిగా మింగేస్తుంది. దశను కొద్దికొద్దిగా మార్చాలంటే మనకు కావలసింది సరిగ్గా ఆ మధ్య భాగమే!

ఇంకో దారుంది. వెలుతురును తరంగం దరిదాపులకు రానివ్వకుండా చిన్న ఫోటోసెల్ మీద వేసి, అక్కడ పుట్టిన వోల్టేజీని, దాన్ని బట్టి కెపాసిటెన్స్ మారి తరంగం దశను మార్చే వరాక్టర్ డయోడ్‌కు రివర్స్‌లో ఇవ్వడం. అది కరెంటు దాదాపు తాగదు కాబట్టి కాస్త వెలుతురే చాలు. కానీ లైటు ఆర్పాక నిలిచిపోయిన ఛార్జి కారిపోవడానికి ఓ రెసిస్టర్ పెట్టాలి. దాని విలువ పెంచితే కిరణం తిరగడం నెమ్మదిస్తుంది, తగ్గిస్తే వెలుతురు ఖర్చు పెరుగుతుంది. నాకైతే ఈ పరికరంలో అన్నిటికన్నా ఆసక్తిగా కనిపించేది పైసల ఖరీదు చేసే ఆ రెసిస్టరే.

రేపు మీ ఆఫీసులో ఎవరైనా ‘మా ఫేజ్ షిఫ్టర్ దశను 360 డిగ్రీలూ తిప్పుతుంది’ అంటే, ఏ వెలుతురు దగ్గర ఎన్ని డెసిబెల్స్ పోతున్నాయో, లైటు ఆర్పాక ఎంతసేపటికి తేరుకుంటుందో గ్రాఫులు అడిగి తీసుకోండి.